డాక్టరు గారూ, ఆ ఒక్క ప్రశ్న అడగండి

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఓపీలో కూర్చుని రోగుల్ని చూసే డాక్టర్లందరికీ నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో బయాలజీ టీచర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. మా నాన్నగారి ఆస్పత్రి ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో 19 ఏళ్ల మందుల చీటీలున్నాయి. ఆయన సంవత్సరీకం అయ్యాక ఒకరోజు కూర్చుని మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా చదివాను. బీపీ ఎంతో రాసి ఉంది. సుగర్ ఎంతో రాసి ఉంది. దగ్గు ఎన్నాళ్ల నుంచో, ఏ సిరప్ ఎన్ని మూతలు తాగాలో అన్నీ ఉన్నాయి. ఆయన రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తారన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఆక్సిజన్ పెట్టి వార్డులో చేర్చిన రోజున ఒక జూనియర్ డాక్టరమ్మ కేస్ షీటులో మొదటిసారి ఆ మాట రాసింది. అప్పటికి మానేయమని చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నాన్నగారు బస్సు డ్రైవరు. నైట్ డ్యూటీలో నిద్ర రాకుండా మొదలైన అలవాటు. సిగరెట్ పెట్టె ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. డాక్టరు గారు స్టెత్ పెట్టబోతే ఆ పెట్టె తీసి ఆయన బల్ల మీదే పెట్టేవారు. గుండె, ఊపిరితిత్తులు చూడ్డం అయిపోయాక మళ్లీ తీసి జేబులో వేసుకునేవారు. ఇది నేను కళ్లారా ఎన్నిసార్లు చూశానో. పెట్టె బల్ల మీద, డాక్టరు గారి పెన్ను పక్కనే ఉండేది.

ఆ డాక్టర్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఒకాయన అర్ధరాత్రి మా ఇంటికి వచ్చి ఇంజెక్షన్ చేసి డబ్బు తీసుకోకుండా వెళ్లారు. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నాన్నగారు డాక్టరు మాట జవదాటని మనిషి. ఒక డాక్టరు గారు "ఉప్పు తగ్గించండి" అన్న రోజు నుంచి ఆయన కంచంలో ఆవకాయ పడలేదు. ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషి అది మానేశారు. అలాంటి మనిషితో సిగరెట్ సంగతి 19 ఏళ్లలో ఎవరైనా ఒక్కసారి ఎత్తి ఉంటే ఏమై ఉండేది? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే, దీనికి దాదాపు అర్ధశతాబ్దం కిందటే ఒకాయన లెక్కగట్టి జవాబు చెప్పాడని తెలిసింది. ఆయన పనిని మీ ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

ఆయన పేరు మైకేల్ రసెల్. 1932లో దక్షిణాఫ్రికాలో పుట్టారు, 2009లో పోయారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో సైకియాట్రిస్టుగా జీవితమంతా ఒకే విషయం మీద పనిచేశారు. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే బయటపెట్టారు. అది తెలిసి కూడా జనం ఎందుకు మానలేకపోతున్నారు? అప్పట్లో చాలామంది దీన్ని ఒక అలవాటుగా, మనోబలం లేకపోవడంగా చూసేవారు. రసెల్ 1971లో రాసిన వ్యాసంలో సిగరెట్ తాగడాన్ని ఒక వ్యసన రుగ్మతగా తీసుకుని, అది మనిషిలో ఎలా మొదలై ఎలా ముదురుతుందో వివరించారు. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక నికోటిన్ వ్యసనం గురించి గట్టిగా చెప్పింది 1988లో. అంటే రసెల్ వ్యాసం వచ్చిన 17 ఏళ్లకు.

ఆయన చేసిన వాటిలో నన్ను బాగా కదిలించిన పని ఒకటుంది. అప్పుడప్పుడే రక్తంలో నికోటిన్ ఎంతుందో కొలిచే పద్ధతులు వస్తున్నాయి. రసెల్ బృందం పొగతాగేవాళ్లకు నికోటిన్ ఎక్కువున్న సిగరెట్లు, తక్కువున్న సిగరెట్లు ఇచ్చి రక్తం పరీక్ష చేసింది. పెట్టె మీద రాసిన అంకెను బట్టి రక్తంలో నికోటిన్ తగ్గాలి కదా? తగ్గాల్సినంత తగ్గలేదు. మనిషి తనకు తెలియకుండానే ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసార్లు పీల్చి తన ఒంటికి అలవాటైన మోతాదుకు దగ్గరగా తెచ్చుకుంటున్నాడు. 1976లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన రాసిన మాట తర్వాత చాలామంది నోట నానింది: జనం పొగ తాగేది నికోటిన్ కోసం, చచ్చిపోయేది మాత్రం తారు (పొగలోని జిగట మసి) వల్ల.

ఈ సంగతి మీ ఓపీలో రోజూ పనికొస్తుంది. "తగ్గించేశానండీ డాక్టరు గారూ, పెట్టె తాగేవాణ్ని, ఇప్పుడు ఆరే" అని రోగి అంటాడు. మీరూ "మంచిది" అంటారు. మా నాన్నగారూ చివర్లో అలాగే తగ్గించారు. కానీ ఆ ఆరింటినీ వేళ్లు కాలేదాకా పీల్చేవారు. "లైట్స్‌కి మారాను" అంటూ నికోటిన్ తక్కువున్న సిగరెట్లకు మారినవాళ్ల సంగతీ ఇంతే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల ఒళ్లే లెక్క సరిచేసుకుంటోంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 1979లో రసెల్ మరికొందరితో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. లండన్‌లో ఐదు క్లినిక్కుల్లో పనిచేసే 28 మంది మామూలు ఫ్యామిలీ డాక్టర్లు అందులో ఉన్నారు. నాలుగు వారాల్లో వాళ్ల దగ్గరికి వచ్చిన పొగరాయుళ్లు 2138 మంది. వీళ్లెవరూ సిగరెట్ మానడానికి రాలేదు. జ్వరానికో, నడుం నొప్పికో వచ్చారు. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. మొదటి గుంపును ఏమీ చేయలేదు. రెండో గుంపుతో ఒక ప్రశ్నావళి నింపించారు. మూడో గుంపుకు డాక్టరు ఒకటి రెండు నిమిషాలు మానేయమని చెప్పారు. నాలుగో గుంపుకు ఆ మాటతో పాటు ఒక కరపత్రం చేతికిచ్చి, "మళ్లీ మిమ్మల్ని అడుగుతాం" అని చెప్పి పంపించారు. అంతే.

మొదటి నెలలో మానేసి ఏడాది తర్వాత కూడా ముట్టనివాళ్లు ఎంతమందో చూశారు. ఏమీ చెప్పని గుంపులో నూటికి 0.3. ప్రశ్నావళి గుంపులో 1.6. డాక్టరు మాట విన్న గుంపులో 3.3. మాట, కాగితం, మళ్లీ అడుగుతామన్న హెచ్చరిక మూడూ అందిన గుంపులో 5.1.

"నూటికి ఐదా, ఇదేం గొప్ప?" అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. 31 ఏళ్లు పిల్లల మార్కులు లెక్కపెట్టిన చేతికి ఐదంటే సున్నాకి దగ్గరగానే కనిపిస్తుంది. కానీ రసెల్ దాన్ని వేరేలా చదివారు. దేశంలోని ఫ్యామిలీ డాక్టర్లందరూ ఈ రెండు నిమిషాలు వెచ్చిస్తే ఏడాదికి 5 లక్షల మందికి పైగా పొగ మానేస్తారనీ, అప్పట్లో దేశంలో ఉన్న 50 చిల్లర ప్రత్యేక క్లినిక్కుల్ని 10 వేలకు పెంచినా అంత ఫలితం రాదనీ ఆయన లెక్కగట్టారు. గమనించండి, ఆయన స్వయంగా అలాంటి ప్రత్యేక క్లినిక్ నడిపే మనిషి. తన క్లినిక్ కంటే వీధి చివర డాక్టరు గారి రెండు నిమిషాలే ఎక్కువమందిని కాపాడతాయని అంకెలేసి చెప్పారు.

ఇదే లెక్క మీ క్లినిక్‌కి వేసి చూడండి. ఏడాదిలో 500 మంది వేర్వేరు పొగతాగేవాళ్లు మీ ముందు కూర్చుంటారనుకుందాం. మాట్లాడకపోతే ఒకరో ఇద్దరో. మాట్లాడితే పాతిక మంది. లండన్ వేరు, మన ఊరు వేరు అంటారేమో, నిజమే. ఆ అంకెలు ఇక్కడ అచ్చంగా అలాగే వస్తాయని నేను అనను. ఆ తర్వాత డాక్టరు సలహా మీద 40కి పైగా అధ్యయనాలు జరిగాయి, 31 వేల మందికి పైగా పాల్గొన్నారు. వాటన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష, తమంతట తాము మానేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటే, డాక్టరు చిన్న మాటతో ఇంకో ఒకరి నుంచి ముగ్గురు దాకా అదనంగా మానతారని తేల్చింది. అంటే కాస్త తక్కువే. ఆ తక్కువనే తీసుకోండి. మీ క్లినిక్‌లో ఏడాదికి ఐదుగురో పదిహేను మందో అవుతారు. ఆ మాటకు మందుల షాపులో బిల్లు కూడా పడదు.

మా జిల్లాకే ఇలాంటి అనుభవం ఒకటుంది. చాలామందికి తెలియదు. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా మామ్మా అలాగే కాల్చేది. అలా పెట్టుకుంటే గాలికి ఆరిపోదు, చాలాసేపు వస్తుంది అనేది. 1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫాలీ మెహతా బృందం మా జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పది వేల పైచిలుకు మంది నోళ్లు పరీక్ష చేసింది. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. వాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ. అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎందుకంత ఎక్కువో విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లూ అప్పట్లోనే రాశారు. వాళ్లంతా జబ్బు లెక్క రాసుకుని ఊరుకోలేదు. మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్ కలిసి మా శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లను తీసుకున్నారు. ఐదేళ్ల పాటు ఏటా నోరు చూసి, మానమని మనిషి మనిషికీ చెప్పారు. 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. చెప్పాక ఎక్కువమంది మానారు, తగ్గించారు. క్యాన్సర్‌కి ముందు నోట్లో వచ్చే తెల్లమచ్చలు కొత్తగా రావడమూ తగ్గింది.

అంటే "మా పల్లెటూరి జనం వినరండీ" అన్న మాటకు మా పల్లెటూరి జనమే ఎప్పుడో జవాబిచ్చారు. అక్షరం ముక్క రాని మా మామ్మ లాంటివాళ్లు, పుట్టినప్పటి నుంచీ చుట్ట వాసన మధ్య పెరిగినవాళ్లు, తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని చెబితే విన్నారు.

ఇక్కడే ఇంకొక మాట. ఆడవాళ్లను అడగడానికి మీలో చాలామంది మొహమాటపడతారు. దయచేసి అడగండి. మా వైపు పెద్దావిడ కొంగు చాటున చుట్ట దాచుకుని మీ గదిలోకి వస్తుంది. "చుట్ట అలవాటుందా అమ్మా?" అని మామూలుగా, మందలింపు లేకుండా అడిగితే చెబుతుంది. "ఉంది బాబూ" అంటుంది. అడగకపోతే ఎన్నటికీ చెప్పదు.

2016–17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వే ప్రకారం, ఏడాదిలో డాక్టరు దగ్గరికో నర్సు దగ్గరికో వెళ్లిన పొగరాయుళ్లలో మానమన్న సలహా అందింది నూటికి 48.8 మందికి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లలో 31.7 మందికే. పొగతాగేవాళ్లలో సగానికి పైగా మానాలనే అనుకుంటున్నారని కూడా ఆ సర్వేలోనే ఉంది. మానాలనుకునేవాళ్లు ఇంతమంది ఉండగా, సగం మంది చెవిన ఒక్క మాటా పడకుండా మీ గది దాటి వెళ్లిపోతున్నారు. మా నాన్నగారు ఆ సగంలో ఒకరు.

మీకు టైము లేదని నాకు తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బయట వరండా దాటి లైను ఉంటుంది. అందుకే రసెల్ పని మీకు సరిగ్గా సరిపోతుందంటున్నాను. ఆయన గంటల కౌన్సెలింగ్ అడగలేదు. ఒకటి రెండు నిమిషాలు, ఒక కాగితం, "వచ్చేసారి అడుగుతాను" అన్న మాట. ఆ చివరి మాటకు బలం ఎక్కువని నా నమ్మకం. తరగతిలో "రేపు అడుగుతాను" అన్న పాఠం మాత్రమే పిల్లలు ఇంటి దగ్గర చదివి వస్తారు. కాబట్టి చీటీ మీద బీపీ పక్కనే "బీడీ, రోజుకు ఒక కట్ట" అని రాయండి. వచ్చేసారి వేరే డాక్టరు కూర్చున్నా ఆ అక్షరాలు అడుగుతాయి.

ఇంకో అర నిమిషం ఉంటే, పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి అని అడగండి. స్వీడన్ సైకాలజిస్ట్ కార్ల్ ఫాగర్‌స్ట్రామ్ 1978లో తయారుచేసిన ప్రశ్నావళి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. రక్తంలో నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోయిన మనిషికి తెల్లారేసరికి దాదాపు ఖాళీ అవుతుంది. లేచిన ఐదు నిమిషాల్లో వెలిగించాడంటే ఒట్టి మాటతో మానడం కష్టం, సాయం కావాలి. ఆ మనిషిని "మనసుంటే మార్గముంటుంది" అని పంపేయకండి. మొదటి వారం చిరాకు, టెన్షన్, నిద్రలేమి, మలబద్ధకం పీకుతాయనీ, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయనీ ముందే చెప్పండి. ముందే తెలిసిన బాధను మనిషి ఓర్చుకుంటాడు. తెలియని బాధ వచ్చినప్పుడు మళ్లీ వెలిగిస్తాడు.

సాయం కూడా ఉంది. నికోటిన్ గమ్‌ని స్వీడన్‌లో ఓవే ఫెర్నో తయారుచేశారు. సబ్‌మెరైన్‌లలో సిగరెట్ ముట్టించలేని నావికుల ఇబ్బంది నుంచి పుట్టిన ఆలోచన అది. దాన్ని గట్టిగా పరీక్షించినవాళ్లలో రసెల్ బృందం ఒకటి. 1982లో తమ క్లినిక్‌కి వచ్చిన 116 మందిలో సగం మందికి నికోటిన్ గమ్, సగం మందికి ఉత్తుత్తి గమ్ ఇచ్చారు. ఏడాది తర్వాత నికోటిన్ గమ్ వాడినవాళ్లలో నూటికి 47 మంది మానేసి ఉన్నారు, మిగతావాళ్లలో 21 మంది. ఇప్పుడా గమ్ మన మందుల షాపుల్లో దొరుకుతోంది. 2022లో మన అత్యవసర మందుల జాతీయ జాబితాలోనూ నికోటిన్ చేరింది. కానీ వాడే తీరు చెప్పేవాళ్లు లేరు. మా పక్కింటి అబ్బాయి బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లు వచ్చి, "ఇది పనిచెయ్యదు టీచరు గారూ" అని పారేశాడు. నెమ్మదిగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గలో పెట్టుకుని, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ తాగకూడదు. ఈ మూడు ముక్కలు మీ నోటి నుంచి వస్తే ఆ డబ్బు వృథా కాదు.

మీకు అంత వీలుపడకపోతే 1800-11-2356 నంబరు చీటీ మీద రాసివ్వండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్ పెట్టెల మీదా ఈ నంబరు అచ్చవుతోంది. అంటే నాన్నగారు ఇప్పుడు బతికుండి ఆ పెట్టె మీ బల్ల మీద పెడితే, మీరు వేలు పెట్టి చూపించాల్సిన నంబరు మీ కళ్లెదుటే ఉండేది.

మీలో కొందరు మీరే సిగరెట్ తాగుతారు. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అని ఆగిపోతారని నాకు తెలుసు. డాల్, హిల్ 1951లో అధ్యయనం మొదలుపెట్టింది బ్రిటన్ డాక్టర్ల మీదే. తమ తోటివాళ్ల మరణాల లెక్క చూసి ఆ డాక్టర్లు దేశంలో మిగతావాళ్లకంటే ముందే పెద్ద ఎత్తున మానేశారు. ఆ అధ్యయనం 50 ఏళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితమంతా తాగినవాళ్లు సగటున 10 ఏళ్లు ముందుగా పోయారు. 60 ఏళ్లకు మానినా 3 ఏళ్లు, 50కి మానితే 6 ఏళ్లు, 40కి మానితే 9 ఏళ్లు తిరిగి వచ్చాయి. మీ వయసెంతో మీకు తెలుసు. "నేనూ మానడానికి తంటాలు పడుతున్నాను, కలిసి మానేద్దాం" అని రోగితో చెప్పినా ఆ మాట తక్కువదేమీ కాదు.

మా చిన్నాన్నకు 58 ఏళ్లు. నాన్నగారి తమ్ముడు, మేస్త్రీ పని. లేస్తూనే బీడీ వెలిగిస్తాడు, రోజుకు ఒక కట్ట పైనే. వచ్చే మంగళవారం బీపీ మాత్రల కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్తున్నాడు. నేను చెబితే నవ్వేసి ఊరుకుంటాడు, మేనల్లుడు చెప్పినా అంతే. డాక్టరు చెబితే మాత్రం చేతులు కట్టుకుని వింటాడు, అన్నగారిలాగే. ఆ రోజు ఆ కుర్చీలో మీలో ఎవరుంటారో నాకు తెలియదు. బీడీ కట్ట ఆయన చొక్కా ఎడమ జేబులో ఉంటుంది. స్టెత్ పెట్టేటప్పుడు తీసి మీ బల్ల మీద పెడతాడు. అప్పుడు అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచరు
శ్రీకాకుళం జిల్లా